చంటిబిడ్డతో ఇంట్లో తొలి ఆరు వారాలు: తిరుపతి, చిత్తూరు ఇళ్లకు ఒక సమగ్ర మార్గదర్శి

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పిలిస్తే నర్సు వస్తుంది, ఉదయం ఒకసారి డాక్టర్ చూస్తారు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి అవేవీ ఉండవు. బిడ్డ ఏడుస్తుంది, అమ్మ ఒకటి చెబుతుంది, అత్త ఇంకోటి చెబుతుంది, పక్కింటి అవ్వ వచ్చి ఆ రెండూ తప్పంటుంది. మా తిరుపతి, చిత్తూరు వైపు తొలికాన్పు పుట్టింట్లోనే కాబట్టి సలహాలకు కొదవుండదు. పనికొచ్చేది ఏది, పక్కన పెట్టాల్సింది ఏది అని తేల్చుకునే ఓపిక మాత్రం బాలింతకు ఉండదు. అందుకే కాన్పుకు ముందే భార్యాభర్తలు, ఇంట్లో పెద్దవాళ్లు కూర్చుని చదువుకునేలా దీన్ని రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం. తొలి ఆరు వారాల్లో బిడ్డకు కావలసింది తల్లిపాలు, వెచ్చదనం, శుభ్రమైన చేతులు. తల్లికి కావలసింది కడుపునిండా తిండి, నీళ్లు, నిద్ర. బిడ్డకు కావలసినవి చాలావరకు తల్లే ఇస్తుంది, కాబట్టి మిగతా ఇల్లంతా తల్లిని చూసుకోవాలి. చాలా ఇళ్లలో బిడ్డ చుట్టూ పదిమంది ఉంటారు, తల్లి చల్లారిపోయిన అన్నం ఒంటిగంటకు తింటుంది. ముందు మార్చాల్సింది అదే.

మొదటి అడుగు: డిశ్చార్జికి ముందు అడగాల్సినవి

మామూలు కాన్పైనా కనీసం 48 గంటలు ఆసుపత్రిలో ఉండండి. ఇంటికి పోదామని తొందరపెట్టే బంధువుల మాట వినొద్దు. బయల్దేరే ముందు తల్లీబిడ్డల రక్షణ కార్డులో బిడ్డ బరువు, వేసిన టీకాలు రాశారో లేదో చూసుకోండి. పుట్టగానే పడాల్సినవి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. ఈ హెపటైటిస్ టీకా 24 గంటల్లోపే పడాలి. వీటితోపాటు విటమిన్ కె ఇంజెక్షన్ కూడా ఇచ్చారా అని అడగండి. బిడ్డ ఉచ్చ, దొడ్డికి పోయిందని నర్సుకు చెప్పండి. కామెర్లు ఉన్నాయేమో ఒకసారి చూడమనండి.

అన్నిటికంటే ముఖ్యం, మీరు పాలిస్తుండగా నర్సును పక్కన నిలబడి ఒక్కసారి పూర్తిగా చూడమని అడగడం. బిడ్డ పట్టు సరిగా ఉందో లేదో అక్కడే తేలిపోతే ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది. సిగ్గుపడి ఇది వదిలేసుకోకండి.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పైతే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం ఇంటిదాకా ఉచితంగా దింపుతుంది. సొంతంగా వెళ్లేవాళ్లు కారులో వెనక సీట్లో కూర్చోండి. బైకు మీద మాత్రం వద్దు, ఎంత దగ్గరైనా సరే.

రెండో అడుగు: గదిని సిద్ధం చేయడం

గాలి వెలుతురు వచ్చే గది చాలు. కిటికీలన్నీ మూసి, తలుపుకు దుప్పటి కట్టి, సాంబ్రాణి పొగ వేసే పద్ధతి ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. బిడ్డ ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదు. సాంబ్రాణైనా, అగరొత్తులైనా, దోమల కాయిల్ అయినా, సిగరెట్ అయినా అంతే. దోమలకు దోమతెర కట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పుట్టిన బిడ్డకు ఉన్ని టోపీ, సాక్సులు, రెండు దుప్పట్లు చుట్టడం ప్రమాదం. ఫ్యాన్ వేయొచ్చు, ఏసీ కూడా 26, 27 డిగ్రీల దగ్గర పెట్టి వేయొచ్చు, గాలి నేరుగా బిడ్డ మీద పడకుండా చూసుకుంటే సరి. నవంబరు, డిసెంబరు వానల్లో, చలిలో పుట్టిన బిడ్డకు తలకు టోపీ, పెద్దవాళ్లు వేసుకునే దానికంటే ఒక పొర ఎక్కువ బట్ట కావాలి. బిడ్డకు వేడిగా ఉందా చల్లగా ఉందా అని చేతులు, పాదాలు పట్టుకుని చూడకండి. మొదటి రోజుల్లో అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. ఛాతీ మీదో, వీపు మీదో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ గోరువెచ్చగా ఉంటే బాగున్నట్టే.

బిడ్డ బరువు రెండున్నర కిలోల కంటే తక్కువైతే తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టుకోవడం అన్నిటికంటే మేలు. నాన్న కూడా చొక్కా విప్పి అలా పెట్టుకోవచ్చు, అవ్వ కూడా.

మూడో అడుగు: పాలు

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే తొలి రెండు వారాల్లో వచ్చే కన్నీళ్లు, గొడవలు ఎక్కువగా పాల గురించే.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుగా, చెంచాల లెక్కన మాత్రమే వస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది కాబట్టి అవే సరిపోతాయి. వాటిని పిండి పారబోయడం, బదులుగా తేనె నాకించడం, చక్కెర నీళ్లు పట్టడం చేయకూడదు. తేనె ఏడాది నిండేదాకా బిడ్డ నోటికి తగలకూడదు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవుల వల్ల కండరాలు పట్టు తప్పి ఊపిరికే ముప్పు రావచ్చు. వస అరగదీసి నాకించడం, ఆముదం పట్టడం, గ్రైప్ వాటర్ కూడా వద్దు. ఎంత ఎండాకాలమైనా ఆరు నెలలదాకా మంచినీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలోనే కావలసినన్ని నీళ్లుంటాయి. ఎండగా ఉన్నప్పుడు పాలే ఇంకో రెండుసార్లు ఎక్కువ ఇవ్వండి.

మూడో రోజు, నాలుగో రోజు రొమ్ములు బరువెక్కి పాలు దిగుతాయి. సిజేరియన్ అయినవాళ్లకు ఒక రోజు ఆలస్యం కావచ్చు. దిగేదాకా బిడ్డ ఎంత ఎక్కువ చీకితే అంత త్వరగా దిగుతాయి. సరిగ్గా ఈ రెండు రోజుల మధ్యే ఎవరో ఒకరు పాలడబ్బా కొనుక్కొస్తారు. బిడ్డ కడుపు డబ్బాపాలతో నిండితే రొమ్ము చీకదు, చీకకపోతే పాలు ఊరవు, ఊరకపోతే డబ్బా తప్పదు. ఈ చక్రంలో పడకుండా ఉండటానికే ముందుగా తెలుసుకుని ఉండాలి.

పట్టు ఎలా ఉండాలో చూడండి. తల్లి వీపుకు దిండు ఆనించుకుని, భుజాలు సడలించి కూర్చోవాలి. తల్లి బిడ్డ మీదికి వంగడం మాని, బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి. బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి. తల ఒక్కటే పక్కకు తిరగకుండా ఒళ్లంతా ఒకే వైపు ఉండాలి. చనుమొనను బిడ్డ ముక్కుకు ఎదురుగా ఉంచి పై పెదవికి తాకిస్తే ఆవులించినంత పెద్దగా నోరు తెరుస్తుంది. ఆ క్షణంలో దగ్గరికి హత్తుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి తిరిగి, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి పోవాలి. రెండు మూడు చీకుళ్లకు ఒక గుటక వినిపిస్తుంది. బుగ్గలు లోపలికి గుంటలు పడుతున్నా, చప్పరింత శబ్దం వస్తున్నా, మొదటి అర నిమిషం దాటాక కూడా నొప్పి ఉన్నా పట్టు తప్పినట్టే. అప్పుడు లాగేయకండి. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు వదిలించి, మళ్లీ మొదటినుంచి పెట్టండి. చనుమొనలు పగిలితే చాలాసార్లు మందు ఇదే. పాలిచ్చాక నాలుగు చుక్కల పాలు మొనకే రాసి ఆరనివ్వండి.

రోజుకు 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా కలిపి. గడియారం కంటే బిడ్డనే ఎక్కువ చూడండి. తల అటూ ఇటూ తిప్పుతూ వెతకడం, చేతులు నోట్లో పెట్టుకోవడం, పెదవులు చప్పరించడం ఆకలికి తొలి గుర్తులు. ఏడుపు ఆఖరున వస్తుంది. ఏడుస్తున్న బిడ్డ పట్టు పట్టదు, ముందు ఊరడించాకే పెట్టాలి. సాయంత్రం పూట అరగంటకోసారి అడిగే బిడ్డలు చాలామంది ఉంటారు. అది కూడా మామూలే.

పాలు తాగాక భుజాన వేసుకుని వీపు నిమిరితే తేన్పు వస్తుంది. తేన్పు రాకపోయినా పది నిమిషాల తర్వాత పడుకోబెట్టేయొచ్చు. కొంచెం పాలు కక్కడం, ఎక్కిళ్లు, తుమ్ములు మామూలు. ఎక్కిళ్లకు దారప్పోగు నుదుట పెట్టినా హాని లేదు, నీళ్లు మాత్రం పట్టకండి.

రొమ్ములు రాయిలా గట్టిపడితే పాలిచ్చే ముందు వేడి గుడ్డ కాపడం, కాసిని పాలు చేత్తో పిండి మెత్తబరచడం, ఇచ్చాక చల్లటి గుడ్డ. ఒకచోట ఎర్రగా కమిలి, జ్వరం వస్తే అదే రోజు డాక్టరుకు చూపించండి, పాలివ్వడం మాత్రం ఆపకండి. పిండిన పాలను మన ఎండల్లో బయట ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయండి. సీసా కంటే ఉగ్గుగిన్నె, చెంచా మేలు, కడగడం తేలిక.

కొందరు తల్లులకు నిజంగానే డబ్బాపాలు అవసరమవుతాయి. డాక్టర్ చూసి చెబితే పట్టండి, అందులో తప్పు చేసినట్టు బాధపడేది ఏమీ లేదు. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, పొదుపు కోసం పలచన చేయకూడదు. ఆవుపాలు, గేదెపాలు ఏడాదిలోపు వద్దు. తల్లిపాలు తాగే బిడ్డకైనా విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు కావాలి. డాక్టర్ రాసివ్వకపోతే మీరే అడగండి.

నాలుగో అడుగు: పాలు చాలుతున్నాయా అన్న ప్రశ్నకు జవాబు

“బిడ్డ ఇంకా ఏడస్తా ఉండాడే, పాలు చాలేట్టు లేదు” అని అత్త అంటుంది. ప్రేమతోనే అంటుంది. దానికి కోడలు ఇవ్వాల్సిన జవాబు, “లేదత్తా, పొద్దున్నించి ఆరుసార్లు ఉచ్చ పోసినాడు, చాలుతా ఉండాయి.” వాదన అక్కడితో ఆగిపోతుంది.

లెక్క ఇది. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదారు రోజులకు రోజుకు ఆరు లేదా అంతకంటే ఎక్కువ సార్లు పొత్తిగుడ్డ తడవాలి. దొడ్డి మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, ఐదో రోజుకల్లా ఆవపిండి రంగులో పసుపుగా మారాలి. ఈ రెండూ జరుగుతుంటే పాలు చాలుతున్నట్టే, బిడ్డ ఎంత ఏడ్చినా సరే. మంచం పక్క గోడకు ఒక కాగితం అంటించి గీతలు పెడుతూ రండి. మొదటి రెండు వారాలు చాలు.

పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గుతుంది, నూటికి పది వంతుల దాకా తగ్గొచ్చు. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. ఆ తర్వాత రోజుకు 25, 30 గ్రాముల చొప్పున పెరుగుతుంది. ఆసుపత్రిలో కాన్పైన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికొచ్చి చూడాలి. ఆమె తెచ్చే తూకంలో బరువు చూసి రాయించుకోండి. పుట్టింట్లో ఉన్నవాళ్ల పేర్లు అత్తింటి ఊళ్లో నమోదై ఉంటాయి కాబట్టి ఇక్కడి ఆశాకు మీరే కబురు చేయాలి. చాలామందికి ఈ రాకలు తప్పిపోయేది ఇందువల్లే.

ఐదో అడుగు: రాత్రులు

కొత్త బిడ్డ రోజులో 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది, ముక్కలు ముక్కలుగా. దానికి పగలూ రాత్రీ తెలియదు. తెలియడానికి ఆరేడు వారాలు పడుతుంది. పగలు కిటికీలు తెరిచి, ఇంట్లో మామూలుగా మాట్లాడుకోండి. రాత్రి చిన్న లైటు, తక్కువ మాటలు, పాలివ్వడం, గుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం, అంతే.

ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టండి. గట్టి పరుపు, దిండు లేకుండా, ముఖం దగ్గర దుప్పట్లు, బొమ్మలు లేకుండా. తల గుండ్రంగా రావడానికి ఆవాల దిండు పెడతారు, అది కూడా వద్దు. మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టి ఆడిస్తే తల వెనక చదునుగా కాదు. తల్లి గదిలోనే, చెయ్యి చాచితే అందేంత దూరంలో వేరే పక్క వేస్తే మంచిది. చీర ఉయ్యాలలో వేస్తే ఎవరో ఒకరు కళ్లెదుటే ఉండాలి. గాఢనిద్ర పట్టాక తీసి పక్కమీద వేయండి. మెడ వంగిపోయి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి అందదు. సోఫాలో బిడ్డను పొట్టమీద వేసుకుని నాన్న నిద్రపోవడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ చాలా ప్రమాదం.

రాత్రిని పంచుకోండి. పాలు తల్లే ఇవ్వాలి, కానీ బిడ్డను ఎత్తి ఇవ్వడం, తేన్పు తీయడం, గుడ్డ మార్చడం, మళ్లీ పడుకోబెట్టడం తండ్రి చేయొచ్చు. భార్య పుట్టింట్లో ఉంటే, భర్త వారాంతంలో చుట్టంలా వచ్చి పోకూడదు. వచ్చిన రెండు రాత్రులైనా ఆ డ్యూటీ తనదే కావాలి. తెల్లవారి ఐదు నుంచి ఎనిమిది దాకా బిడ్డను అవ్వకో తాతకో అప్పగించి తల్లి తలుపేసుకుని నిద్రపోవాలి. ఒకేసారి మూడు గంటలు పడే ఆ నిద్ర మనిషిని నిలబెడుతుంది.

ఆరో అడుగు: ఏడుపు

రెండో వారం నుంచి ఏడుపు పెరుగుతూ పోయి, ఆరో వారం ప్రాంతంలో బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. బాగా పాలు తాగి, బరువు పెరుగుతున్న బిడ్డలు కూడా సాయంత్రాలు గంటలకొద్దీ ఏడుస్తారు. ఇది ముందే తెలియకపోతే తల్లి తినే పప్పు మీదా, వంకాయ మీదా నెపం పడుతుంది.

వరసగా చూసుకోండి. ఆకలా? గుడ్డ తడిసిందా? ఉక్కపోస్తోందా, చలేస్తోందా? ఒంటికి దారమో, వెంట్రుకో చుట్టుకుందా? (వేలికి వెంట్రుక బిగుసుకుని ఏడ్చే బిడ్డలుంటారు, వేళ్లన్నీ విప్పి చూడండి.) ఇవేవీ కాకపోతే ఛాతీకి హత్తుకుని నెమ్మదిగా నడవండి, గుడ్డలో చుట్టి ఎత్తుకోండి, చెవి దగ్గర ‘ష్...’ అనండి, మోకాళ్లు పొట్టకు మడిచి చాచండి. దిష్టి తీస్తామంటే తీయనివ్వండి. ఉప్పు, మిరపకాయలు కాల్చే పొగ మాత్రం బిడ్డ గదిలోకి రాకూడదు.

ఎంత చేసినా ఆగని రాత్రి ఒకటి వస్తుంది. మీకు కోపం తన్నుకొస్తోందనిపిస్తే బిడ్డను వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి, పక్క గదికి పోయి ఐదు నిమిషాలు కూర్చోండి. బిడ్డను గట్టిగా కుదిపితే మెదడులో నెత్తురు చిమ్మి శాశ్వతంగా దెబ్బతింటుంది. ఈ ఒక్కమాట ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ చెప్పండి.

ఏడో అడుగు: స్నానం, బొడ్డు, నూనె

బొడ్డు ఊడేదాకా, అంటే ఇంచుమించు ఒకటి రెండు వారాలు, తడిగుడ్డతో ఒళ్లు తుడిస్తే చాలు. బొడ్డు మీద పసుపు, నూనె, బూడిద, పౌడర్ ఏదీ వేయకండి. పొడిగా, గాలి తగిలేలా, గుడ్డ మడత దానికి కిందుగా ఉండేలా చూడండి. చుట్టూ ఎర్రబడినా, చీము, దుర్వాసన వచ్చినా ఆసుపత్రికి పోండి.

తర్వాత నీళ్లు పోసే అవ్వ వస్తుంది. పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్లమీద వేసుకుని, నూనె రాసి, నలుగుపిండితో రుద్ది, చెంబుతో వేణ్నీళ్లు పోస్తుంది. ఆమె చేతుల్లో ఏళ్ల అనుభవం ఉంటుంది, బిడ్డ జారకుండా పట్టుకునే ఒడుపు మనకు రాదు. ఆ గౌరవం ఉంచుకుంటూనే, మొదలుపెట్టక ముందే చెప్పాల్సినవి చెప్పేయాలి. “అవ్వా, ముక్కులో, చెవిలో నూనె పోయొద్దు. ముక్కులోకి ఊదొద్దు. రొమ్ములు పిండొద్దు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయొద్దు. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.” నెపం డాక్టరమ్మ మీద వేస్తే ఎవరికీ కోపం రాదు. కొత్త బిడ్డకు, మగబిడ్డకైనా సరే, రొమ్ములు కొంచెం ఉబ్బి ఉండొచ్చు. తల్లి హార్మోన్ల వల్ల అలా ఉంటుంది, తనంతట తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. ఆడబిడ్డకు మొదటి వారంలో ఉచ్చ పోసే చోట కొంచెం తెల్లగానో, ఎర్రగానో కనిపించినా అదే కారణం.

నీళ్ల వేడి మోచేత్తో చూడండి. ఐదు నిమిషాల్లో ముగించి, వెంటనే తుడిచి, చుట్టి, పాలివ్వండి. కొబ్బరినూనెతో తేలిగ్గా ఒళ్లు నిమరడం మంచిదే, పాలు తాగిన వెంటనే వద్దు. పౌడర్ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాటుక కంట్లో పెట్టకండి, కొన్నింటిలో సీసం ఉంటుంది. దిష్టిచుక్క అరికాల్లో పెట్టుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: కామెర్లు

రెండో రోజో మూడో రోజో చాలామంది బిడ్డలకు ముఖం పసుపెక్కుతుంది. నాలుగైదు రోజులకు ఎక్కువై, రెండు వారాల్లో పోతుంది. పగటి వెలుతురులో, నుదుటినో ముక్కునో వేలితో నొక్కి వదిలి చూడండి, పసుపు అక్కడ తెలుస్తుంది. పాలు ఎక్కువసార్లు ఇవ్వండి. ఎండలో పెట్టడం చికిత్స కాదు. అవసరమైన బిడ్డకు ఆసుపత్రిలో నీలిరంగు దీపాల కింద పెట్టాలి. పుట్టిన 24 గంటల్లోపే పసుపెక్కినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, బిడ్డ పాలు మాని మగతగా పడున్నా, రెండు వారాలు దాటినా, దొడ్డి సున్నంలా తెల్లగా వచ్చినా ఆలస్యం చేయకండి. చెట్టుమందు, మెడలో దండ అంటూ రోజులు గడిపితే మెదడుకు దెబ్బ తగలొచ్చు.

తొమ్మిదో అడుగు: బాలింత

పథ్యం పేరుతో వారాలకొద్దీ కారప్పొడి అన్నం, వెల్లుల్లి కారం మాత్రమే పెట్టే ఇళ్లు నేను చూశాను. వెల్లుల్లి, మెంతులు, మిరియాలు, కాయం ఉంటే ఉండనివ్వండి. వాటితోపాటు పప్పు, ఆకుకూరలు, మునగాకు, రాగి సంగటి, పాలు, పెరుగు, గుడ్డు, తినేవాళ్లకు చేప, మాంసం, పండ్లు కూడా కావాలి. పాలిచ్చే తల్లికి మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ పడుతుంది. నీళ్లు తాగితే పొట్ట వస్తుందనే మాట నమ్మకండి. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక చెంబు నీళ్లు పక్కన పెట్టండి. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి.

రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాల దాకా తగ్గుతూ ఉంటుంది. గంటకు ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, ఫిట్స్ వచ్చినా, ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి. సిజేరియన్ అయినవాళ్లు ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తొద్దు, కానీ ఇంట్లో నెమ్మదిగా నడవాలి.

మనసు సంగతి. మూడో రోజు నుంచి కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డ మీద ఏమీ అనిపించకపోతే, ‘నేను లేకపోతేనే నయం’ అనే ఆలోచన వస్తే అది జబ్బు. దానికి మందు ఉంది, పాలిస్తూనే వాడగలిగేవి కూడా ఉన్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తల్లి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఎవరో చెవిలో చెబుతున్నారంటున్నా, తననో బిడ్డనో ఏమైనా చేస్తుందేమో అనిపించినా ఒంటరిగా వదలకుండా అదే గంటలో ఆసుపత్రికి తీసుకెళ్లండి. “బాలింతకు గాలి సోకింది” అని తాయెత్తు కట్టిస్తూ కూర్చోవద్దు.

చూడ్డానికి వచ్చేవాళ్లను ఇంట్లో ఒకరు, తల్లి కాకుండా వేరొకరు, అదుపు చేయాలి. దగ్గు, జలుబు ఉన్నవాళ్లు తర్వాత రావాలి. బిడ్డను ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడగాలి. ముద్దులు వద్దు. పురుడు, ఉయ్యాల వేడుక ఇంటివాళ్లతో చిన్నగా చేసుకున్నా శాస్త్రానికి లోటు రాదు. నిజంగా సాయం చేయాలనుకునే చుట్టం బిడ్డను ఎత్తుకోవడం మాని ఒక పూట కూర వండి పెట్టినా, గుడ్డలు ఉతికి ఆరేసినా ఆ ఇంటికి కొండంత బలం.

పదో అడుగు: వెంటనే పరుగెత్తాల్సిన గుర్తులు

దీన్ని కాగితం మీద రాసి తలుపుకు అంటించండి:

- పాలు తాగడం మానేయడం, లేపినా సరిగా లేవకపోవడం
- ఒళ్లు 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ వేడి, లేదా ముట్టుకుంటే ఒళ్లంతా చల్లబడి ఉండటం
- నిదానంగా ఉన్నప్పుడు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి, డొక్కలు ఎగరేయడం, మూలుగు
- పెదవులు, నాలుక నీలంగా మారడం
- ఫిట్స్, చేతులు కాళ్లు కొట్టుకోవడం
- ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బరం, దొడ్డిలో నెత్తురు
- ఎనిమిది గంటలకు మించి ఉచ్చ పోయకపోవడం

టీకా వేసిన రోజు వచ్చే కొద్దిపాటి జ్వరం కాకుండా, రెండు నెలలలోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో సిరప్ వేసి చూద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. తిరుపతిలో రుయా, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, చిత్తూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏడాదిలోపు జబ్బుపడిన బిడ్డకు వైద్యం ఉచితం. దారిలో బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా పెట్టండి, తాగగలిగితే పాలిస్తూనే ఉండండి.

పదకొండో అడుగు: ఆరో వారం, కాగితాలు, కొండ

ఆరు వారాలకు టీకాలు: పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు ఒకే టీకా), పోలియో చుక్కలు, ఐపీవీ (పోలియో ఇంజెక్షన్), రోటావైరస్ చుక్కలు (విరేచనాలకు), పీసీవీ (న్యుమోనియాకు). వీటిలో కొన్ని 10 వారాలకు, అన్నీ 14 వారాలకు మళ్లీ వేస్తారు. వేసిన రోజు కొంచెం జ్వరం, చిరాకు ఉండొచ్చు, సిరప్ ఎంత వేయాలో ఏఎన్ఎం (టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త) చెప్పినంతే వేయండి. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు వచ్చి మచ్చ పడుతుంది, దాని మీద ఏదీ రాయకండి. అదే రోజు తల్లి కూడా పరీక్ష చేయించుకుని, తర్వాతి కాన్పుకు ఎడం గురించి మాట్లాడాలి. నెలసరి రాకముందే మళ్లీ గర్భం రావచ్చు.

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి. ఆసుపత్రివాళ్లు పంపినా, నగరంలో కార్పొరేషన్‌లో, పల్లెలో పంచాయతీ కార్యదర్శి దగ్గర ఒకసారి కనుక్కోండి. తల్లిదండ్రుల పేర్ల స్పెల్లింగ్ ఆధార్‌లో ఉన్నట్టే ఉందో చూసుకోండి. బిడ్డ పేరు ఏడాదిలోపు చేర్చుకోవచ్చు, రుసుము ఉండదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేర్చడానికైనా, పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీకి ఈ ఒక్క పత్రమే ఆధారం.

ఇక కొండ. నెల నిండగానే స్వామి దగ్గరికి తీసుకుపోవాలని మన ఇళ్లలో అందరికీ ఆరాటం. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ మార్గం గుండా దర్శనానికి పంపే ఏర్పాటు టీటీడీకి ఉంది, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ కార్డులు దగ్గరుండాలి. ఆ గడువు ఏడాది ఉంది కాబట్టి 14 వారాల టీకాలు పడ్డాక, రద్దీ తక్కువుండే మామూలు రోజు చూసుకుని, కారులోనో బస్సులోనో వెళ్లండి. ఘాట్ మలుపుల్లో కక్కుతారు కాబట్టి బయల్దేరే అరగంట ముందే పాలిచ్చేయండి, పైన చల్లగా ఉంటుంది కాబట్టి ఒక టోపీ, రెండు జతల బట్టలు అదనంగా సర్దుకోండి.